నాలుగో మూల

మా మనవరాలి కోసం మా అమ్మాయి ఆన్‌లైన్లో ఒక బుల్లి పరికరం తెప్పించింది. చూడ్డానికి స్టేప్లర్‌కి అక్కలా ఉంటుంది. అట్టముక్క మూలని దాని నోట్లో పెట్టి నొక్కితే టక్కుమని మూల తెగిపడి అంచు గుండ్రంగా వస్తుంది. ఢిల్లీలో మేముండే ద్వారక సొసైటీలో కొత్త సంవత్సరానికి పిల్లలందరూ చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసి తేవాలని పోటీ పెట్టారు. చేత్తో అంటే పెద్ద పనేం కాదు, కొన్న అట్ట మీద కొన్న పువ్వు అంటించి, కొన్న మెరుపులు చల్లడమే. ఆ పిల్ల పొద్దున్నే డైనింగ్ టేబుల్ నిండా సరంజామా పరుచుకుని కూర్చుంది. నేను పక్కన బఠానీలు ఒలుస్తున్నాను. టక్కుమన్న చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటదే వెళ్లి దాని మణికట్టు పట్టుకుంది. బఠానీలు కిందకి దొర్లిపోయాయి.

“క్యా హువా, అమ్మమ్మా?” అంది బెదిరిపోయి.

“ఒక్క మూల కొయ్యకే. కోస్తే నాలుగూ కొయ్యి.”

“బట్ వై?”

దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది. జవాబులు మాత్రం మిగతా రెండు భాషల్లో ఇస్తుంది. దాని ‘వై’కి నా దగ్గర చాలా పెద్ద జవాబే ఉంది గానీ, సరదాగా కార్డు చేసుకుంటున్న పిల్లకి చెప్పే జవాబు కాదది. “బాగుండదు” అని ఊరుకున్నాను. అది భుజాలెగరేసి నాలుగూ కోసేసింది. నేను బఠానీలు ఏరడానికి వంగాను.

నాకు ఇంచుమించు దాని వయసున్నప్పుడు మేం ఢిల్లీ కంటోన్మెంటులో ఉండేవాళ్లం. నాన్న ఎక్కడో మంచుకొండల్లో డ్యూటీలో ఉండేవారు. అలా సరిహద్దుకి వెళ్లిన జవాన్ల భార్యాబిడ్డలకి ఇచ్చే క్వార్టర్లు అవి. సెలవు మీద ఎవరో ఒకరు వస్తే తప్ప ఆ వరసలో మగ గొంతు వినపడేది కాదు. బస్సు కావాలంటే ధౌలా కువాన్ దాకా నడవాలి. చలికాలం పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ అంగీఠీ అనే బొగ్గుల కుంపటి పొగ, ఆ పొగలో ఆవనూనె వాసన, ట్రంకుపెట్టెల్లోంచి తీసిన రజాయిల్లో కలరా ఉండల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ కలిసి తగిలితే ముందుగా నా ముక్కే నా వయసు మరిచిపోతుంది.

మా అమ్మది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. ఆవిడ మాట్లాడే హిందీలో చివరి ‘హై’ తప్ప మిగతాదంతా తెలుగే. కూరగాయల బండి అతన్ని ఆపి “భయ్యా, ఏ కాకరకాయ ముదిరిపోయా హై” అనేది. అతను వినయంగా ఒప్పుకుని లేతవి ఏరి ఇచ్చేవాడు. అంతకు మించిన వ్యవహారాలకి నేనే దుబాసీని. రేషన్ దగ్గరా, ఆస్పత్రి దగ్గరా నన్ను ముందు నిలబెట్టి, “సెప్పవే, ఆయనకి సరిగ్గా సెప్పు” అని వెనక నుంచి పొడుస్తుండేది.

ఆవిడకి మాట పట్టింపు ఎక్కువ. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. బయటికి వెళ్తున్నవాళ్లని ఎక్కడికని అడక్కూడదు. నోరు జారితే మూతి మీద ఒకటి పడేది. ఏది శుభమో ఏది కాదో ఆవిడకి తెలిసినంతగా మా చుట్టాల్లో ఎవరికీ తెలీదని పేరు. ఆ తెలిసిందంతా మా ఊరి తెలివి. ఈ ఊరికి వేరే తెలివి ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అలాంటి అమ్మకి ఢిల్లీ మొత్తం మీద ఉన్నది ఒక్కతే మనిషి, పక్క క్వార్టర్ ఆంటీ. ఆవిడది తూర్పు యూపీలో గంగ ఒడ్డున ఏదో పల్లె. భర్త మా నాన్నలాగే మంచులో ఉన్నాడు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, అమ్మని దీదీ అనేది. రెండు వంటిళ్లకీ మధ్య ఒకటే గోడ. అవతల టీ మరగగానే ఆంటీ గరిటెతో గోడ మీద టక టకమని రెండు దెబ్బలు కొట్టేది. టీ అయింది, రా అని. ఇవతల టీ పెడితే అమ్మ అట్లకాడతో రెండు కొట్టేది. గోడకి రెండు పక్కలా సున్నం పెచ్చులూడి గుంటలు పడ్డాయి. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ పొద్దస్తమానం ఏం మాట్లాడుకునేవారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆంటీకి తెలుగు నేర్పే బాధ్యత నేను నెత్తినేసుకున్నాను. ‘ప్యారీ దీదీ’ని మీ భాషలో ఏమంటారని అడిగితే ‘దొంగమొహం దీదీ’ అంటారని చెప్పాను. ఆ సాయంత్రమే గోడ టకటకలాడింది. వెనకే ప్రేమగా పిలుపు, “దొంగమొహం దీదీ, చాయ్!” అమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది. ఆ తర్వాత నవ్వాపుకోలేక స్టవ్ ముందే చతికిలబడింది. అసలు అర్థం తెలిశాక కూడా ఆంటీ ఆ పిలుపు మార్చలేదు.

డిసెంబరు వస్తే మా ఇల్లు కార్ఖానా అయ్యేది. కొనే కార్డులంటే అమ్మకి చిన్నచూపు. “కొంటే అది ఆడి సేతి పని గానీ మన సేతి పనేటి?” అనేది. పని దీపావళి నాటికే మొదలు. రావి ఆకులు ఏరుకొచ్చి కుండలో నీళ్లు పోసి నానేస్తే, పచ్చదనమంతా కుళ్లి ఊడిపోయి చివరికి ఈనెల వల మిగులుతుంది. ఆ కుండ మూత తీసిన రోజు వరస వరసంతా ముక్కు మూసుకునేది. ఆ ఆకుల్ని పాత టూత్ బ్రష్షుతో మెల్లగా రుద్ది, కడిగి, నా సైన్సు పుస్తకంలో ఆరబెట్టేది అమ్మ. ఆ వాసనకి నా పక్కన కూర్చునే పిల్ల టీచర్తో చెప్పి బెంచీ మార్చుకుంది. అంత కంపు కొట్టిన ఆకూ రంగు పూసుకుని కార్డు మీదకెక్కేసరికి దొరసానిలా ఉండేది.

జిగురు మైదాపిండితో. పురుగు పట్టకుండా చివర్లో అందులో మైలుతుత్తం వేస్తారు. అది వేసేలోగానే వేడి వేడి జిగురులో వేలు ముంచి నాకడం నాకు అలవాటు. “పేగులతుక్కుపోతాయే గుంటా!” అని అమ్మ గరిటె ఎత్తేది. మెరుపుల కోసం గాజుముక్కలు. వరసలో ఎవరి గాజు చిట్లినా ముక్కలు మావే. వాటిని గుడ్డలో మూటకట్టి రోకలిబండతో నలిపితే ఎరుపూ ఆకుపచ్చా కలిసిన పొడి వచ్చేది. జిగురు గీత మీద చల్లి, కార్డుని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకునేవాళ్లం.

మధ్యాహ్నాలు గడ్డి మీద చాపలు. అమ్మ వేయించిన బెల్లం గవ్వలు, ఆంటీ బొగ్గుల మీద కాల్చిన గోధుమపిండి లిట్టీలు, నారింజ తొక్కలు, వేరుశనక్కాయల పొట్టు. స్వెట్టర్లు అల్లుకునే ఆంటీలు భర్తల ఉత్తరాల్లో చదవతగ్గవి పైకి చదివేవారు, మిగతావి మడిచి జాకెట్లో దోపుకునేవారు. మా ఇద్దరు కళాకారిణులు మాత్రం తలలెత్తేవారు కాదు. అమ్మ చేతిలో ముగ్గు ఉంది. చుక్క పెట్టి గీత తిప్పిందంటే స్కేలు అక్కర్లేదు. ఆంటీ చేతిలో చిలకలున్నాయి. వాళ్ల ఊళ్లో పెళ్లిళ్లకి గోడల మీద వేసే చిలకలు, గుండ్రటి కళ్లు, ముక్కున మామిడి కొమ్మ. అమ్మ ముగ్గు గళ్లలో ఆంటీ తన చిలకల్ని కూర్చోబెట్టేది. మా ఊరి నెలగంట ముగ్గులో గంగ ఒడ్డు చిలకలు ఎంత కుదురుగా ఒదిగేవో చెప్పలేను. అలాంటి కార్డు ఒక్కటి ఇప్పుడు నా దగ్గర ఉంటే బాగుండేది. ఒక్కటీ లేదు.

నాన్నకీ, ఆంటీ భర్తకీ పంపేవి కవర్లలో వెళ్లేవి. ఊళ్లో ఉన్న తన అత్తగారికి మాత్రం ఆంటీ పోస్టు కార్డు మీదే వేసేది. కవరంటే గుట్టుగా ఉంటుంది, కార్డైతే పోస్టుమాన్ దగ్గర్నుంచి చెరువు గట్టు దాకా అందరూ నా చిలకల్ని చూస్తారు అనేది. అత్తగారికి చదువు రాదు, చూపు కూడా మందం. మామగారు లేరు. ఇంట్లో ఉన్నది ఆవిడా, పొలం చూసుకునే చిన్న కొడుకూ.

ఆ ఏడు ఆంటీ నిండు నెలలతో ఉంది. అత్తగారి కార్డు మీద చిలకలు పూర్తి చేసి, రాయాల్సింది రాయకుండానే నొప్పులొచ్చి మిలిటరీ ఆస్పత్రికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన అమ్మ కాళ్లు కడుక్కుని నేరుగా ఆ కార్డు తీసింది.

“పాపం, ముసలమ్మకి కబురు తెలియాలి కదే. రాయి” అంది.

నేను నా మంచి దస్తూరీతో హిందీలో రాశాను. పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు అని. రాయడం అయ్యాక అమ్మ పసుపు తడిపి తెచ్చింది. శుభవార్త కదా, మూలలకి పసుపు పెట్టకుండా పంపుతామా? మొదటి మూడు మూలలూ చక్కగా వచ్చాయి. నాలుగో మూలకి వేలు మీద తడి ఎక్కువైంది. పసుపు కారి చిలక తోక దాకా పాకింది, ఆకుపచ్చ సిరాతో కలిసి బురదరంగుకి తిరిగింది. అమ్మ కొంగుతో అద్దింది. అద్దేకొద్దీ కాయితం పొక్కులు లేచి చిరుగు పట్టింది.

ఇంకో కార్డు తీద్దామంటే ఆ చిలకలు అమ్మకి రావు, నాకు రావు. ఆంటీ వచ్చేదాకా ఆగుదామంటే కబురు ఆలస్యమవుతుంది. అమ్మ కాసేపు ఆలోచించి కత్తెర అందుకుంది. పాడైన ఆ ఒక్క మూలని ఏటవాలుగా, నున్నగా కత్తిరించేసింది. చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసుకుంది.

“ఇప్పుడు బాగుంది కదే? కావాలని కోసినట్టే ఉంది.”

నిజంగానే బాగుంది. నేనే పరిగెత్తుకెళ్లి ఎర్ర డబ్బాలో వేసొచ్చాను.

ఆంటీ ఇంటికొచ్చాక ఆ ఇంటికి తల్లీ అత్తా అన్నీ అమ్మే. మిరియాలూ శొంఠీ దంచి కాయం ఉండలు కట్టింది. ఆంటీ ఒక్కొక్కటి మింగుతూ మొహం వికారంగా పెట్టి “దొంగమొహం దీదీ” అని తిట్టేది. పాపకి నీళ్లు పొయ్యాలంటే అమ్మే రావాలి. ఇంకెవరు పోసినా ఏడుపు లంకించుకునేది. “దీదీ కా హాథ్ శుభ్ హై” అని ఆంటీ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. దీదీ చెయ్యి మంచి చెయ్యి అని. ఆ మాటొక్కటీ అమ్మకి నా తర్జుమా లేకుండానే అర్థమయ్యేది. తల దించుకుని నవ్వేది.

ఒక పొద్దున ఎండ బాగా కాసింది. ఆంటీ చాప మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. అమ్మ కాళ్లు చాపి వాటి మీద పాపని బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. వరస చివర ఒక యువకుడు కనిపించాడు. చేతిలో సంచి, భుజాన కంబళి, నున్నగా గొరిగించిన గుండు. ఆంటీ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఊరి నుంచి వచ్చిన ఆవిడ మరిది.

గుండు చూస్తే మేం సింహాచలం వెళ్లొచ్చాడేమో అనుకుంటాం. అమ్మ కూడా అదే అనుకుందట. ఆంటీ అలా అనుకోలేదు. వాళ్ల వైపు ఇంట్లో చావైతే మగవాళ్లు అలా తల గొరిగించుకుంటారు.

ఆవిడ లేచి నిలబడింది. “కౌన్? బతావ్, కౌన్?” అని అరిచింది. ఎవరు, ఎవరు పోయారో చెప్పు అని.

అతను వదిన మొహం చూసి బావురుమన్నాడు. “భయ్యా” అన్నాడు. అన్నయ్య, అంటే ఆంటీ భర్త. అంతే అనగలిగాడు. వదినకి అంతా తెలుసనే అతను అనుకున్నాడు. కబురు అతనే తెచ్చాడని ఆవిడ అనుకుంది. ఆంటీ రెండు చేతులూ గుమ్మానికేసి కొట్టుకుంది. గాజులు పగిలి మెట్ల మీద పడ్డాయి. అప్పటిదాకా ఎవరి గాజు చిట్లినా ఎగిరి గంతేసి ఏరుకున్నదాన్ని, ఆ ముక్కల వైపు చూడలేకపోయాను.

వరసలోని ఆడవాళ్లందరూ బయటికొచ్చారు. ప్రతి ఒక్కరి మొహంలో తమ తమ మనిషే కనిపిస్తున్నాడు. అమ్మ పాపని ఒక చేత్తో, ఆంటీని ఒక చేత్తో గుండెకి పొదువుకుని గడ్డి మీదే కూర్చుని ఏడ్చింది. “ఓలమ్మ, ఓలమ్మ” అని తెలుగులోనే ఏడ్చింది. ఎదురింటి పంజాబీ ఆంటీ మాత్రం గట్టి మనిషి. చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకి పరిగెత్తి, ఫోను చేయించమని కూర్చుంది.

ఎండ వాలుతుండగా ఆవిడ తిరిగొచ్చింది, వెనకే ఆఫీసు నుంచి ఒక ముసలి సుబేదార్ సైకిల్ మీద వచ్చాడు. మనిషి క్షేమం, రాత్రి డ్యూటీ దిగి పడుకుని నిద్రపోతున్నాడట, లేపి మరీ మాట్లాడించారని చెప్పాడు. ఆంటీ నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. మరిది నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

“మరి ఆ కార్డు? కోనా కటా కార్డ్ ఆయా థా” అన్నాడు.

మూల కోసిన కార్డు వచ్చింది అని. ఆ మాట వినగానే చుట్టూ ఉన్న ఆడవాళ్లు “హాయ్ రామ్” అని నోళ్ల మీద చేతులేసుకున్నారు. అమ్మ నా భుజం పొడిచింది. “ఏటంతన్నాడే? సెప్పు.”

అతను చెప్పింది చెప్పినట్టు నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. వాళ్ల వైపు చావు కబురు పంపే కార్డుకి ఒక మూల కోస్తారట. చదువు రానివాళ్లకి కూడా చూడగానే తెలియడానికట. అలాంటి కార్డుని గడప దాటనివ్వరట, బయటే చింపి పారేస్తారట. ఢిల్లీ నుంచి అలాంటి కార్డు చేతిలో పడగానే వాళ్లమ్మ ఇంకేం చూడలేదట. చింపేసి వాకిట్లో పడిపోయిందట. అతను పొలం నుంచి వచ్చేసరికి ముక్కలు గాలికి పోయాయట. తంతి రాలేదేమని అడిగినవాళ్లకి, మంచులో ఉన్నవాడి తంతి ఎక్కడ ఆగిందోనని ఊరి పెద్దలు సర్దిచెప్పారట.

మూడు మూలల పసుపు ఆ ముసలావిడకి కనపడలేదు. లేని మూల కనపడింది. మనవరాలు పుట్టిందన్న కబురుని తన చేతులతోనే చింపేసింది.

నేను చెప్పడం పూర్తవగానే అమ్మ ఒళ్లో ఉన్న పాపని తీసి పక్కనున్న పంజాబీ ఆంటీ ఒళ్లో పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది.

“నానే కోసినానని సెప్పు” అంది నాతో.

ఏదో ఒక అబద్ధం అతికించేంత తెలివి నాకప్పుడు లేదు. చెప్పాను. ఆంటీ అమ్మ వైపు చూసింది. కోపంగా కాదు. తెలిసిన మనిషిని కొత్తగా చూసినట్టు చూసి, పాపని తీసుకుని లోపలికి వెళ్లింది.

అబద్ధపు చావు కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మర్నాటికే అందరూ నవ్వేశారు. మా ఊళ్లోనూ ఆ మాట ఉందే అని అమ్మ దాన్ని పట్టుకుని వేళ్లాడింది. కానీ ఆ బెదురుకి ఆంటీకి పాలు వెనక్కెళ్లిపోయాయి. పాప డబ్బా పాలకి మారి కొన్నాళ్లు చిక్కిపోయింది. అమ్మ వెళ్లి నీళ్లు పోస్తానంటే, “కల్ ఆనా దీదీ” అని ఆంటీ రేపటికి వాయిదా వేసింది. ఆ రేపు మళ్లీ రేపైంది.

తర్వాత అత్తగారే వచ్చింది, మనవరాలిని చూసుకోవడానికి. అమ్మ గవ్వలు వేయించి పళ్లెంలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని వెళ్లింది. వాళ్ల పద్ధతిలో వంగి కాళ్లు ముట్టుకోబోయింది. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది. తిట్టలేదు, అరవలేదు. “బస్ బేటీ, బస్” అని పాప మీద కొంగు కప్పేసింది. ఆంటీ వెనకాల తలుపు దగ్గర నిలబడి నేల చూపులు చూస్తోంది. గవ్వల పళ్లెం అలాగే వెనక్కి తెచ్చుకున్నాం. చిన్నప్పుడు ఆ ముసలమ్మని నేను చాలా కాలం తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టలేను. బతికున్న కొడుకు చావుకి ఒకసారి ఏడ్చేసిన తల్లి ఆవిడ, రెండోసారి ఆ దారి తొక్కడానికి భయపడింది.

ఒకరోజు నేను బడి నుంచి వస్తుంటే ఆంటీ కిటికీలోంచి పిలిచి గుసగుసగా అంది, “అమ్మతో చెప్పు, మై నారాజ్ నహీ హూఁ.” నేను పరిగెత్తుకెళ్లి చెప్పాను, ఆంటీకి నీ మీద కోపం లేదట అని.

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “కోపమైతే తీరిపోను. ఇది బయ్యం” అంది.

అయినా ఎవరు భయపడినా సర్దుకునేదేమో, అమ్మే భయపడకపోతే. ఆవిడే అందరికన్నా ఎక్కువ నమ్మింది. ఆంటీ భర్త సెలవు మీద వచ్చి, గుమ్మంలో నిలబడి నవ్వుతూ “దీదీ, మీ దయవల్ల నాకు నూరేళ్లు” అన్నాడు. అమ్మ నవ్వలేదు. టీ కాచి, గ్లాసు అతని చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది. ఆ ఏడు మిగిలిన రావి ఆకులు కుండలోనే కుళ్లిపోయాయి. ఆ కత్తెర ఏమైందో తెలీదు. గోడ అటూ ఇటూ కూడా మూగపోయింది.

చలి తగ్గుముఖం పట్టాక నాన్నకి వేరే ఊరు బదిలీ అయింది. సామాను కట్టేశాం. గేటు దగ్గర ట్రక్కు ఇంజను మోగుతోంది, నాన్న తొందరపెడుతున్నారు. అమ్మ ఖాళీ వంటింట్లో చివరిసారి చూసుకుంటోంది, నేను ఆవిడ వెనకే ఉన్నాను. అప్పుడు వినపడింది, గోడ అవతల నుంచి, టక టక. రెండు దెబ్బలు.

“అమ్మా! ఆంటీ!” అన్నాను.

అమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించింది. పెచ్చులూడిన ఆ గుంట మీద. తర్వాత కొంగు దోపుకుంది.

“ఏవో మేకులు కొట్టుకుంటన్నారులే. పద, మీ నాన్న కేకలేస్తన్నారు” అంది.

ట్రక్కు కదిలేటప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. పక్కింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. ఎవరూ బయటికి రాలేదు. ఆ తర్వాత ఆంటీ ఎక్కడుందో, ఆ పాప ఎలా పెరిగిందో మాకు తెలియలేదు. పల్టన్లు మారితే మనుషులు మారతారు, ఎక్కడని వెతుకుతాం?

అమ్మ మళ్లీ కార్డు చెయ్యలేదు. దానికి నేను అంతగా బాధపడలేదు, ఈలోగా కొనే కార్డులు మాకూ అలవాటయ్యాయి. నా పెళ్లప్పుడు మాత్రం తెలిసొచ్చింది. శుభలేఖలు అచ్చై వచ్చాయి, దేవుడి ముందు మొదటి లేఖకి తల్లి పసుపు పెట్టాలి. అందరూ పిలుస్తున్నారు. అమ్మ వంటింట్లోంచి కదలదు. “నా సెయ్యి తడి. మీ పెద్దత్త సేత పెట్టించండి” అంది. నేను లోపలికెళ్లి చూస్తే ఆవిడ చేతులు పొడిగానే ఉన్నాయి. నా శుభలేఖకి మా పెద్దత్త పసుపు పెట్టింది. మా అమ్మ చెయ్యి తగిలి ఉంటే బాగుండేదన్న కొరత నాకు ఇప్పటికీ తీరలేదు, ఇక తీరదు.

ఈ సాయంత్రం మనవరాలు కార్డు పూర్తి చేసి తెచ్చింది. మా ఇంట్లో ఏ మంచి కాయితానికైనా పసుపు పెట్టే అలవాటు నేను మానలేదు, అది దానికి తెలుసు. వెండి గిన్నెలో పసుపు అదే తడిపి తెచ్చుకుంది. కార్డుని అటూ ఇటూ తిప్పి, అన్ని పక్కలా గుండ్రంగా ఉన్న ఆ అంచుల్ని వేలితో తడిమింది.

“అమ్మమ్మా, హల్దీ కహాఁ లగాఊఁ? కోనా తో హై హీ నహీ.”

పసుపు ఎక్కడ పెట్టను, మూలే లేదుగా అని. మధ్యలో పెట్టమన్నాను. చక్కగా పెట్టింది, తడి ఎక్కువ కాకుండా.

అమ్మ చివరి రోజుల్లో ఈ ఇంట్లోనే ఉంది. అప్పటికి చాలా విషయాలు మరిచిపోయింది, నన్ను కూడా ఒక్కోసారి పోల్చుకునేది కాదు. ఒక పొద్దున నేను టీ పెడుతుంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పాలు పొంగబోతుంటే గబుక్కున కలిపి, గరిటెకి అంటినది దులపడానికి గిన్నె అంచుకేసి రెండుసార్లు కొట్టాను. అమ్మ తలెత్తింది. గోడ వైపు చూసింది. ఆ గోడ అవతల మాకెవరూ లేరు, లిఫ్టు ఉంది.

“ఆయేల కొట్టింది మేకులు కాదే” అంది.

“తెలుసమ్మా” అన్నాను.

“నాకూ తెలుసు” అంది.